ఐఎస్ఏ ట్రీ క్లైంబర్ పరీక్షకు తయారవడం ఎలా: దరఖాస్తు నుంచి చెట్టు దిగేదాకా

చెట్లెక్కి పనిచేసేవాళ్ళకు సర్టిఫికెట్ ఇచ్చే ఈ పరీక్షలో మొదటిసారి నేను తప్పాను. అప్పటికి ఆరేళ్ళుగా అమెరికాలో ఒక ట్రీ కంపెనీలో రోజూ చెట్లెక్కుతున్నాను. పరీక్ష చెట్టు పెద్ద ఓక్. సగం ఎక్కాక అడ్డంగా ఒక లావుపాటి కొమ్మ వచ్చింది. దాన్ని దాటడానికి లాన్‌యార్డ్, అంటే నడుము నుంచి కాండం చుట్టూ వేసుకునే పొట్టి తాడు, విప్పాను. పైతాడు అప్పటికింకా నా బరువు మోయడం లేదు, వదులుగా వేలాడుతోంది. ఒక్క సెకను. కింద నుంచి పరీక్షకుడు "చాలు, దిగిరండి" అన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. నేను పడలేదు, జారలేదు, నా దృష్టిలో ఏమీ జరగలేదు.

చెట్టెక్కడం వచ్చా రాదా అని ఈ పరీక్ష అడగదు. ఎక్కిన క్షణం నుంచి దిగే క్షణం దాకా మీరు చెట్టుకు కట్టుబడి ఉన్నారా లేదా అన్నదే చూస్తుంది. అనుభవం ఉన్నవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే. కొత్తవాడికి భయం ఉంటుంది, మనకు అలవాటు ఉంటుంది. ఈ తయారీలో సగం పని పాత అలవాట్లు వదిలించుకోవడం.

మా వైపు తాటిచెట్టు ఎక్కే గీతన్నలను చూసి పెరిగినవాణ్ని కాబట్టి ఇంకో మాట. తాటిచెట్టుకు కొమ్మలుండవు. మోకు ఒకసారి చుట్టుకుంటే మట్టల దాకా దాన్ని విప్పే పని రాదు. ఓక్, మేపుల్ లాంటి చెట్లలో నాలుగడుగులకో కొమ్మ అడ్డొస్తుంది, ప్రతిసారీ ఏదో ఒకటి విప్పాల్సిందే. అందుకే ఇక్కడ రెండు కట్లు కావాలి: ఒకటి విప్పేటప్పుడు రెండోది బరువు మోస్తూ ఉండాలి. తాటిచెట్టు మీద కూడా మోకు ఒక్కటే ఆధారం కాకూడదన్న ఆలోచనతోనే తెలంగాణ ప్రభుత్వం 2024లో గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. వాటిలో ఒంటికి తొడుక్కునే పట్టీల హార్నెస్, తాడు ఉంటాయి.

1. ముందు కాగితాలు

ఐఎస్ఏ అంటే ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్. చెట్ల సంరక్షణ పనివాళ్ళ అంతర్జాతీయ సంస్థ, 1924లో మొదలైంది. వీళ్ళిచ్చే 'సర్టిఫైడ్ ట్రీ క్లైంబర్' సర్టిఫికెట్‌కు గతంలో 'ట్రీ వర్కర్ క్లైంబర్ స్పెషలిస్ట్' అన్న పొడుగు పేరుండేది. పాతవాళ్ళు ఇంకా అలాగే అంటారు, రెండూ ఒకటే. 'సర్టిఫైడ్ ఆర్బరిస్ట్' మాత్రం వేరే పరీక్ష, అందులో చెట్టెక్కే పని లేదు. దరఖాస్తులో ఈ రెండూ కలగాపులగం చేసుకున్నవాళ్ళను చూశాను.

కావాల్సినవి మూడు: 18 నెలల చెట్టెక్కిన అనుభవం, చెల్లుబాటులో ఉన్న సీపీఆర్, ఫస్ట్ ఎయిడ్ శిక్షణ, చెట్టు మీద చిక్కుకున్న మనిషిని దించే ఏరియల్ రెస్క్యూలో శిక్షణ. సీపీఆర్ కార్డు గడువు పరీక్ష రోజు దాకా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఏ రోజు ఏ చెట్టు, ఏం పని చేశారో ఒక నోట్‌బుక్కులో రాసుకుంటూ పోండి. కంపెనీ మారినప్పుడు పాత సూపర్‌వైజర్ ఫోన్ ఎత్తకపోతే ఆ పుస్తకమే ఆదుకుంటుంది.

పరీక్ష రెండు భాగాలు: 50 బహుళైచ్ఛిక ప్రశ్నల రాతపరీక్ష, చెట్టు మీద చేసి చూపించే స్కిల్స్ పరీక్ష. రెండూ నెగ్గాలి. నెగ్గితే సర్టిఫికెట్ మూడేళ్ళు చెల్లుతుంది. స్కిల్స్ పరీక్షను ఐఎస్ఏ స్థానిక శాఖలు (చాప్టర్లు) పెడతాయి, ఏడాదికి కొన్ని తేదీలే ఉంటాయి. కాబట్టి ముందు తేదీ చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసి చదువు మొదలుపెట్టండి. రోజూ చెట్టు పనిలో ఉన్నవాళ్ళకు పది వారాలు సరిపోతాయి.

2. రాతపరీక్ష: అంకె వెనకున్న కారణం పట్టుకోండి

ఐఎస్ఏ ప్రచురించే ట్రీ క్లైంబర్స్ గైడ్ ఒకటి చాలు, పది పుస్తకాలు కొనొద్దు. దాంతోపాటు అమెరికా భద్రతా ప్రమాణం ఆన్సీ జెడ్133 చదవాలి, కొమ్మల కత్తిరింపుకు ఏ300 అన్న ప్రమాణం చూడాలి. పరీక్ష తెలుగులో ఉండదు. కాబట్టి ముడుల పేర్లు, చెట్టు భాగాల పేర్లు ఇంగ్లీషులో ఎలా ఉన్నాయో అలాగే నోటికి రావాలి. నేను చిన్న కార్డుల మీద ఒక వైపు ఇంగ్లీషు మాట, రెండో వైపు తెలుగులో వివరణ రాసుకున్నాను. భోజనాల వేళ ట్రక్కులో కూర్చుని తిరగేసేవాణ్ని.

అంకెలు కొన్ని బట్టీ పట్టాల్సిందే. ఎక్కే తాడు సాధారణంగా అరంగుళం మందం, కనీసం 5,400 పౌండ్లకు తెగకుండా ఆగాలి. అంటే దాదాపు 2,450 కిలోలు. తాడును హార్నెస్‌కు తగిలించే లోహపు కొక్కెం, కారబైనర్, కనీసం 5,000 పౌండ్లు తట్టుకోవాలి, దాని నోరు దానంతటదే మూసుకుని తాళం పడాలి, తెరవడానికి కావాలని చేసే రెండు కదలికలైనా పట్టాలి. ఎందుకు రెండు? కొమ్మకు రాసుకుంటే ఒక కదలిక ప్రమాదవశాత్తు జరగొచ్చు, వరసగా రెండు జరగడం కష్టం. ఇలా కారణం తెలిస్తే ప్రశ్నను ఎటు తిప్పి అడిగినా జవాబు దొరుకుతుంది.

కరెంటు తీగల ప్రశ్న తప్పకుండా చూసుకోండి. తీగల దగ్గర పనికి ప్రత్యేక అర్హత లేనివాళ్ళు 50 కిలోవోల్టుల దాకా ఉన్న తీగకు 10 అడుగుల లోపలికి పోకూడదు. మనిషే కాదు, అతని చేతిలో పొడుగు కర్ర రంపం (పోల్ సా) ఉన్నా, తెగిన కొమ్మ ఉన్నా అదే దూరం. ఇంటికి వచ్చే సన్న తీగకు కూడా ఇది వర్తిస్తుంది. "అది చిన్నదే కదా" అన్నట్టు ఊరించే జవాబు ఒకటి పెడతారు.

చైన్‌సా గురించి: చెట్టు మీద నడిపేటప్పుడు రెండు కట్లు ఉండాలి, రెండు చేతులతో పట్టుకోవాలి. 15 పౌండ్లు దాటిన రంపాన్ని వేరే తాడుకు వేలాడదీయాలి. 12 అడుగుల కంటే పైన పని జరుగుతుంటే మాట వినబడే దూరంలోనో కనుచూపు మేరలోనో రెండో మనిషి ఉండాలి.

ఇక చెట్టు శరీరం. కొమ్మ కాండంలో కలిసేచోట ఉబ్బెత్తుగా ఒక మెడపట్టీ ఉంటుంది, దాన్ని బ్రాంచ్ కాలర్ అంటారు. కోత దానికి సరిగ్గా బయట పడాలి. లోపలికి కోస్తే కాండం కణజాలం గాయపడుతుంది, దూరంగా కోస్తే మిగిలిన మోడు కుళ్ళుతుంది. బరువైన కొమ్మకు మూడు కోతలు: మొదట కాస్త దూరంగా కింది నుంచి సగం, తరువాత ఇంకొంచెం బయట పైనుంచి, చివరగా మిగిలిన మోడును కాలర్ దగ్గర. మొదటి కోత లేకపోతే కొమ్మ విరుగుతూ కాండం బెరడును ఒలుచుకుంటూ కిందికి పోతుంది. మామిడికొమ్మ విరిగిన చోట ఆ పొడుగాటి చీలిక మనలో చాలామంది చూసిందే.

అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో చెప్పిన కోడిట్ సిద్ధాంతం నుంచి కూడా ప్రశ్నలొస్తాయి. మనిషి చర్మంలా చెట్టు గాయం మానదు. గాయపడ్డ కట్టె అలాగే లోపల ఉండిపోతుంది, చెట్టు దాని చుట్టూ గోడలు కట్టి కుళ్ళును అక్కడే ఆపాలని చూస్తుంది. నాలుగు గోడలు. నిలువుగా పాకడాన్ని ఆపే మొదటిది అన్నిటికంటే బలహీనం, గాయం తరువాత కొత్తగా పుట్టిన కట్టెతో వచ్చే నాలుగోది అన్నిటికంటే గట్టిది. ఎక్కేవాడికి ఇదెందుకంటారా? ఒక పాత గాయం కనబడితే లోపలి బోలు పైకీ కిందికీ ఎంత దూరం పోయి ఉంటుందో ఊహించడానికి. ఆ కాండం మీదే కదా మన తాడు.

3. ముడులు: కట్టడం, సర్దడం, బిగించడం

ముడి కట్టగానే పని అయిపోదు. పోగులు ఒకదాని మీద ఒకటి పడకుండా సర్దాలి, ఆపైన లాగి బిగించాలి. ఈ మూడూ పరీక్షకుడికి కనబడాలి. సరిగ్గా కట్టి, సర్దకుండా వదిలిన ముడి తప్పు కిందే లెక్క.

మన భాషలో పీటముడి అంటే విప్పలేని ముడి. చెట్టు మీద అది శాపం. బోలైన్‌ను అందరూ మెచ్చుకునేది ఎంత బరువు మోసినా తరువాత వేలితో తోస్తే విడిపోతుందనే. అయితే ఆ సుగుణమే దోషం కూడా: బరువు లేనప్పుడు కుదుపులకు దానంతటదే వదులవుతుంది. మనిషి బరువు మోసేచోట దాని తోకను, అంటే మిగిలిన కొసను, యోసెమిటీ పద్ధతిలో మళ్ళీ ముడిలోకే తిప్పి కట్టి తీరాలి.

చేతికి రావాల్సిన ముడులు: బోలైన్, రన్నింగ్ బోలైన్, క్లోవ్ హిచ్, ఫిగర్ ఎయిట్, షీట్ బెండ్, డబుల్ ఫిషర్‌మన్స్, టాట్‌లైన్ హిచ్, బ్లేక్స్ హిచ్, ప్రూసిక్. పేరు చెబితే కట్టడం, కట్టినదాన్ని చూసి పేరు చెప్పడం, అది దేనికి వాడతారో చెప్పడం, మూడూ రావాలి. రన్నింగ్ బోలైన్ మన జారుముడికి తోబుట్టువు, కింద నిలబడే పైకొమ్మకు బిగించొచ్చు. క్లోవ్ హిచ్ ఒంటరిగా జారుతుంది, వెనక రెండు హాఫ్ హిచ్‌లు వేయాలి.

బ్లేక్స్ హిచ్ దగ్గర ఎక్కువసేపు కూర్చోండి. చేత్తో జరిపితే తాడు మీద జరిగి, బరువు పడితే పట్టుకునే ముడి (ఫ్రిక్షన్ హిచ్) ఇది. తాడు చుట్టూ నాలుగు చుట్లు పైకి వేసి, తోకను కిందికి తెచ్చి, కింది రెండు చుట్ల లోపలి నుంచి తీయాలి. మూడు చుట్ల లోపలి నుంచి తీస్తే చూడ్డానికి దాదాపు అలాగే ఉంటుంది, పట్టు మారిపోతుంది. తోక చివర అది జారిపోకుండా ఆపే ఫిగర్ ఎయిట్ ముడి (స్టాపర్) మరవద్దు. టాట్‌లైన్‌కైతే స్టాపర్ లేకపోతే తోక మెల్లగా లోపలికి జారిపోయి ముడి మొత్తం విడిపోయే ప్రమాదం ఉంది.

సాధన ఎలా? మొదటి వారం బల్ల మీద. రెండో వారం నిలబడి, నడుము దగ్గర. మూడో వారం గ్లౌజులు తొడుక్కుని, కళ్ళు మూసుకుని. నేను వంటింటి తలుపు గడియకు తాడు కట్టి కుక్కర్ మూడు విజిళ్ళు వచ్చేలోపు తొమ్మిది ముడులూ పూర్తిచేయాలని పందెం పెట్టుకునేవాణ్ని. ఇంట్లోవాళ్ళకు అదో విసుగు.

4. ఎక్కకముందు పది నిమిషాలు

స్కిల్స్ పరీక్ష నేల మీదే మొదలవుతుంది. మీ సామాను మీరే తనిఖీ చేయాలి, పరీక్షకుడికి వినబడేలా. తాడు మొత్తం అంగుళం అంగుళం చేతుల్లోంచి పోనివ్వండి: మెత్తబడ్డ చోటు, తెగిన పోగు, వేడికి గాజులా మెరిసే మచ్చ. హార్నెస్ కుట్లు, దాని ముందు ఎక్కే తాడును తగిలించే బ్రిడ్జి తాడు అరుగుదల. కారబైనర్ నోరు తెరిచి వదిలితే దానంతటదే తాళం పడుతుందా? హెల్మెట్‌కు పగుళ్ళున్నాయా? ఒక వస్తువు మీద అనుమానం ఉంటే పరీక్షకు తేవద్దు. "కొంచెం అరిగింది కానీ పర్లేదు" అన్న మాట మీ నోట రాకూడదు.

తరువాత చెట్టు. నేల నుంచి పైకి చూడాలి, పైనుంచి కిందికి కాదు. వేళ్ళ దగ్గర మట్టి లేచిందా, పుట్టగొడుగులున్నాయా, కాండం మీద పగుళ్ళు, తొర్రలు, బెరడు లోపలికి మడుచుకుపోయిన పంగలు, పైన ఎండి వేలాడే కొమ్మలు, కరెంటు తీగలు. చెట్టు చుట్టూ పూర్తిగా తిరగండి. చాలామంది ముందువైపు చూసి ఆపేస్తారు. తేనెతుట్టె ఎప్పుడూ వెనకే ఉంటుంది.

5. తాడు వేయడం

త్రోలైన్ అంటే సన్నటి దారానికి చిన్న బరువు సంచి కట్టి ఎత్తైన పంగలోకి విసరడం. చిన్నప్పుడు చింతకాయలకు రాయి విసిరిన చేయి ఇక్కడ పనికొస్తుంది, కానీ అలవాటు మాత్రం వేరు: రెండు కాళ్ళ మధ్య ఊపి, కింది నుంచి పైకి వదలాలి. రోజూ ఇరవై విసుర్లు. విసిరే ముందు గట్టిగా కేకేసి హెచ్చరించాలి, కింద ఎవరూ ఉండకూడదు.

6. చెట్టు మీద

కదిలే తాడు పద్ధతిలో తాడు పంగ మీదుగా వెళ్ళి తిరిగి మీ దగ్గరికే వస్తుంది. రెండడుగులు లాగితే ఒకడుగు ఎక్కుతారు, శ్రమ సగం. నిలకడ తాడు పద్ధతిలో తాడు కదలదు, మీరే దాని మీద ఎక్కుతారు. దాన్ని కాండం మొదట్లో కట్టినప్పుడు పైనున్న పంగ మీద మీ బరువుకు దాదాపు రెట్టింపు పడుతుంది. పంగ ఎంచుకునేటప్పుడు ఈ లెక్క మనసులో ఉండాలి. పరీక్షలో ఏ పద్ధతికి అనుమతి ఉందో ముందే అడిగి తెలుసుకోండి. రోజూ వాడని కొత్త పరికరం కొనుక్కుని ఆ రోజు ప్రదర్శించే ఆలోచన మానుకోండి.

తాడు కట్టగానే నేల నుంచి అడుగెత్తులో మీ పూర్తి బరువు దాని మీద వేసి చూడండి. ముడి పట్టిందా? వదిలితే జారిందా? మళ్ళీ పట్టిందా? ఆ తరువాతే పైకి.

ఇక నన్ను తప్పించిన విషయం. ఏ కొక్కెం విప్పే ముందైనా రెండో కట్టును చేత్తో తాకండి, దాని మీద బరువు వేయండి, నోటితో చెప్పండి. నేను "ఉంది" అనడం అలవాటు చేసుకున్నాను. తాకాలి, వాలాలి, "ఉంది" అనాలి, అప్పుడు విప్పాలి. మొదట్లో సిగ్గనిపించింది, కింద ఉన్న కుర్రాళ్ళు నవ్వారు. మూడు వారాలకు అనకుండా విప్పబోతే నా చెయ్యే ఆగిపోయేది. పనిలో రోజూ ఇలా చేయడమే దీనికి సాధన, వేరే సమయం అక్కర్లేదు.

కొమ్మ మీద నడిచేటప్పుడు తాడు ఎప్పుడూ బిగువుగా ఉండాలి. బరువు తాడుకివ్వండి, కాళ్ళు నిలకడకే. కొమ్మ చివరికి పోయేకొద్దీ తాడు కోణం పడుకుంటుంది, జారితే లోలకంలా ఊగి కాండానికి కొట్టుకుంటారు. అందుకే తాడు కట్టే చోటు ఎంత ఎత్తులో ఉంటే అంత మంచిది. ఆ చోటును దాటి పైకి మాత్రం ఎక్కొద్దు. పని చేసే చోటికి చేరాక లాన్‌యార్డ్ పెట్టుకున్నాకే రంపం బయటికి తీయండి. బతికున్న చెట్టు కొమ్మలు కత్తిరించడానికి మేకుల బూట్లు వాడకూడదు, ప్రతి అడుగూ బెరడుకు ఒక గాయం. ప్రాణాపాయంలో రెస్క్యూ అయితే వేరు.

7. ఏరియల్ రెస్క్యూ

దీనికి విడిగా కనీసం నాలుగు పూర్తి రోజులు కేటాయించండి. ఇది పరీక్ష కోసమే కాదు, ఏదో ఒక రోజు నిజంగా అవసరమయ్యే విద్య.

బాధితుడి బదులు కట్టిన మనిషి బొమ్మ పైన వేలాడుతోంది, టైమ్ మొదలైంది అనగానే అందరూ తాడు వైపు పరిగెత్తుతారు. ఆగాలి. ముందు చూడాలి: కరెంటు తగిలిందా, విరిగిన కొమ్మ వేలాడుతోందా, రంపం ఆగిందా, తేనెటీగలా? కరెంటు అనుమానం ఉంటే విద్యుత్ సంస్థ సరఫరా ఆపేదాకా చెట్టును తాకకూడదు. ఎక్కి చనిపోతే దించాల్సినవాళ్ళు ఇద్దరవుతారు. ఆ వెంటనే పేరు పెట్టి ఒకరిని చూపించి "నువ్వు 911కు ఫోన్ చెయ్, ఈ అడ్రస్ చెప్పు" అనాలి. ఎవరినీ చూపించకుండా "ఎవరైనా ఫోన్ చేయండి" అంటే ఎవరూ చేయరు. ఇండియాలో అయితే ఆ నంబరు 112.

బాధితుడితో మాట్లాడుతూ ఉండండి. స్పృహలో ఉంటే, తాడు బాగుంటే, అతనే నెమ్మదిగా దిగేలా కింద నుంచి చెప్పడం చాలాసార్లు సరిపోతుంది. ఎక్కాల్సి వస్తే మీ తాడు మీద మీరెక్కండి, అతని తాడును పూర్తిగా తనిఖీ చేయకుండా నమ్మొద్దు. దగ్గరికి చేరాక ఊపిరి, రక్తస్రావం చూడండి. మెడకో వెన్నుకో దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే కదలిక వీలైనంత తక్కువ. అతన్ని మీ వ్యవస్థకు కలిపి, కలిసిందని బరువు వేసి చూసి, ఆ తరువాతే అతని లాన్‌యార్డ్ విప్పాలి. వరస తిరగబడితే ఆ బొమ్మ నేల మీద ఉంటుంది. దించేటప్పుడు కొమ్మలకు తగలకుండా అతన్ని మీ కాళ్ళ మధ్య పెట్టుకోండి.

హార్నెస్‌లో కదలకుండా వేలాడే మనిషికి రక్తం కాళ్ళలోనే నిలిచిపోయి ప్రాణం మీదికి రావొచ్చు. అందుకే తొందర. కానీ మొదటి ఇరవై సెకన్ల ఆలోచనను కోసేసి ఆ తొందరను తీర్చుకోవద్దు. సాధనకు బొమ్మ దొరక్కపోతే ఇసుక సంచులకు పాత హార్నెస్ తొడగండి. తేలిక బొమ్మతో సాధన చేసి ఎనభై కిలోలు దించబోయినవాడి ఫ్రిక్షన్ హిచ్ ఎలా బిగుసుకుపోతుందో ఒకసారి చూస్తే మళ్ళీ మరవరు.

8. చివరి వారం, ఆ రోజు

చివరి వారం కొత్తది ఏదీ నేర్చుకోవద్దు. రెండుసార్లు మొత్తం పరీక్షను మొదటి నుంచి చివరిదాకా ఒక తోటి క్లైంబర్ ముందు చేయండి, అతని చేతికి కాగితం, పెన్ను ఇచ్చి. స్నేహితుడైతే మొహమాటపడతాడు, కొంచెం పేచీకోరు మనిషిని ఎంచుకోండి. ముందు రోజు చెట్టెక్కొద్దు, ముంజేతులకు విశ్రాంతి కావాలి. నీళ్ళు, గ్లౌజులు రెండు జతలు, సీపీఆర్ కార్డు, మీ సొంత తాళ్ళు రాత్రే సర్దుకోండి. పొద్దున తినకుండా వెళ్ళొద్దు, టెన్షన్‌లో ఆకలి తెలియదు కానీ పదకొండింటికి చేతులు వణుకుతాయి.

పరీక్షకుడు చెప్పింది అర్థం కాకపోతే మళ్ళీ అడగండి, దానికి మార్కులు పోవు. తప్పు చేశానని మీకే తెలిస్తే ఆగి, పైకి చెప్పి, సరిచేయండి.

రెండోసారి నేను ఎక్కింది ఇంకో ఓక్, ఇంకో పరీక్షకురాలు. కొమ్మ వచ్చిన ప్రతిసారీ తాకాను, వాలాను, "ఉంది" అన్నాను. దిగి హెల్మెట్ తీస్తుంటే ఆవిడ కాగితం మీద సంతకం పెడుతూ అడిగింది: "పైన అన్నిసార్లు అన్నారు, వుండి అంటే ఏమిటి? ఎవరి పేరైనా?"